మా తరువాత వీడికి ఎవరు?

మీ సంఘంలో ఇటువంటి కుటుంబం ఒకటి ఉందేమో ఒక్కసారి జ్ఞాపకం చేసుకోండి. ఒక ఆదివారం ఆరాధనకు తల్లి వస్తుంది. మరుసటి ఆదివారం తండ్రి వస్తాడు. ఇద్దరూ కలిసి రావడం క్రిస్మస్‌కు కూడా కష్టమే. ఎవరైనా అడిగితే "ఇంటి దగ్గర పని ఉందండీ" అంటారు. ఆ పని ఏమిటో ఊరందరికీ తెలుసు గనుక మళ్లీ ఎవరూ అడగరు.

మేము ఏడేళ్లు అలాగే గుడికి వెళ్లాము. మా ఇంటి దగ్గర పని మా పెద్దబ్బాయి. ఇంట్లో బాబు అని పిలుస్తాము. వాడికి ఇప్పుడు ముప్పై దాటాయి. చీరాల ప్రాంతంలో మగ్గం మీద బ్రతికే కుటుంబం మాది. వయసుతో పాటు బాబుకు బుద్ధి ఎదగలేదు. అయిదు వరకు లెక్కపెడతాడు, ఆరు అనడు. మాటలు ఇంటివాళ్లకు అర్థమవుతాయి, కొత్తవాళ్లకు కావు. మనిషిని ఒకసారి చూస్తే మాత్రం మరచిపోడు.

ఈ వ్యాసం వ్రాయమని మా అయ్యగారు అడిగినప్పుడు మాకు తెలిసింది ఏముందని వెనుకాడాము. "మీరు పడిన కష్టం వ్రాయకపోయినా ఫరవాలేదు, మీకు దొరికిన దారి వ్రాయండి. ఆ దారి తెలియని వాళ్లు ప్రతి పల్లెలోను ఉన్నారు" అన్నారు ఆయన. అందుకే ధైర్యం చేశాము.

ఆలస్యంగా ఏడ్చిన బిడ్డ

బాబు 1992లో ఇంట్లోనే పుట్టాడు. నొప్పులు రెండు రోజులు పట్టాయి. పుట్టగానే ఏడవలేదు. మంత్రసాని వీపు మీద తట్టి, కాళ్లు పట్టుకొని తలక్రిందులు చేస్తే చాలాసేపటికి మూలిగాడు. పుట్టినప్పుడు మెదడుకు ప్రాణవాయువు అందకపోతే ఎదుగుదల దెబ్బతినవచ్చునని అప్పుడు మాకు తెలియదు. అయిదు నెలలకు మెడ నిలబడలేదు. ఏడాది నిండినా కూర్చోలేదు. "మగపిల్లలు ఆలస్యం, వాళ్ల నాన్న కూడా ఇంతే" అని పెద్దవాళ్లు సర్దిచెప్పారు.

ఆ తరువాత నిందలు మొదలయ్యాయి. మాది మేనరికం గనుక రెండు వైపులా ఒకే కుటుంబం, అయినా నింద మాత్రం రెండుగా చీలింది. ఇంటా బయటా అందరూ అడిగింది ఒకటే, ఎవరు చేసిన పాపమో అని. పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న కూడా అదే. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో ఆ ప్రశ్నకు ప్రభువు ఏమి జవాబిచ్చాడో మనం పిల్లలప్పటి నుండి వింటూనే ఉన్నాము. విన్నవాళ్లమే పక్కింటి బిడ్డను చూచి మళ్లీ అదే అడుగుతాము.

మేనరికం సంగతి ఇక్కడే చెప్పాలి. దగ్గర బంధుత్వపు పెళ్లిళ్లలో కొన్ని జన్యులోపాలు బిడ్డకు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది నిజమే. కాని ఎదుగుదల లోపాలన్నిటికీ మేనరికమే కారణం కాదు. డౌన్ సిండ్రోమ్ అనేది ఒక క్రోమోజోము ఎక్కువగా ఉండడం వలన వస్తుంది, దానికి మేనరికంతో సంబంధం లేదు. కాన్పు కష్టం కావడం, పుట్టిన బిడ్డకు పసికర్లు ముదరడం, గర్భిణికి రుబెల్లా సోకడం, అయోడిన్ లోపం, పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం, మెదడువాపు, ఇలా కారణాలు ఎన్నో ఉన్నాయి. చాలామందిలో కారణం చివరికీ తెలియదు. ముందు జాగ్రత్త కొరకు కారణాలు తెలుసుకోవడం మంచిది. బిడ్డ పుట్టిన తరువాత తల్లిని నిలదీయడానికి మాత్రం వాటిని వాడకండి.

నాలుగేళ్ల వరకు మేము తిరగని చోటు లేదు. మాటలు రావాలని నాలుకకు వస రాశాము. తాయెత్తులు కట్టాము, చెవిదుద్దులు తాకట్టు పెట్టి దూరపు ఊళ్లకు వెళ్లి చేతులు వేయించాము. ప్రార్థన మానమని మేము ఎవరికీ చెప్పము. మేమూ మానలేదు. అయితే "ఇక ఎక్కడికీ తీసుకువెళ్లకండి, విశ్వాసంతో ఎదురుచూడండి" అన్నవారి మాట విని మూడు సంవత్సరాలు పోగొట్టుకున్నాము. బిడ్డ మెదడు ఎక్కువగా నేర్చుకునే సంవత్సరాలు అవే.

సికింద్రాబాదులో నేర్చుకున్నది

మా రెండవ కాన్పు మిషన్ ఆసుపత్రిలో జరిగింది. అక్కడి నర్సమ్మగారు బాబును చూచి, "వీడిని దాచకండి. సికింద్రాబాదులో బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్ అని ఉంది. అక్కడికి తీసుకువెళ్లండి" అని చీటీ వ్రాసి ఇచ్చారు. మానసిక వికలాంగుల కొరకు కేంద్ర ప్రభుత్వం 1984లో స్థాపించిన జాతీయ సంస్థ అది. ఆ తరువాత దాని పేరు మారింది. ఇప్పుడు మేధో వైకల్యం అనే మాట వాడుతున్నారు. హైదరాబాదులో ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ అంతకు ముందే, 1968 నుండి ఈ సేవ చేస్తున్నదని అక్కడ కలిసిన తల్లిదండ్రులు చెప్పారు.

1996లో చీరాలలో రైలెక్కాము. మందు వ్రాసి ఇస్తారని మా ఆశ. వాళ్లు మందు వ్రాయలేదు. ఒక పొడవాటి జాబితా తెచ్చి ప్రశ్నలు వేశారు. గ్లాసు పట్టుకుంటాడా? చొక్కా విప్పుతాడా? పిలిస్తే చూస్తాడా? అమ్మ బయటికి వెళ్తే ఏడుస్తాడా? అంతవరకు అందరూ మమ్మల్ని వాడు ఏమి చేయలేడో అడిగారు. ఏమి చేస్తాడో అడిగింది వాళ్లే. జాబితా పూర్తయ్యేసరికి వాడు చేసే పనులు పందొమ్మిది తేలాయి. ఆ రాత్రి సత్రంలో వాటిని మళ్లీ మళ్లీ చెప్పుకున్నాము.

ఈ స్థితి రోగం వంటిది కాదని, పూర్తిగా నయంచేసే మందు లేదని, నేర్పడం మాత్రం ఉందని అక్కడ మాకు నచ్చజెప్పారు. నేర్పే విధానం చాలా చిన్నది. ఏ పాఠకుడైనా ఇంట్లో చేయవచ్చు గనుక వివరంగా వ్రాస్తున్నాము.

ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడదీయాలి. చొక్కా తొడుక్కోవడం మనకు ఒకే పని. ఆ బిడ్డకు అది పది పనులు. మొదట తొమ్మిది మెట్లు మనమే చేసి, చివరి గుండీ ఒక్కటి వాడిచేత పెట్టించాలి. పెట్టగానే మెచ్చుకోవాలి, సాయంత్రం దాకా ఆగకూడదు. అది వచ్చాక చివరి రెండు గుండీలు. ఆ తరువాత మూడు. ఇలా వెనుక నుండి ముందుకు రావాలి. చివరి మెట్టు వాడిదే కాబట్టి ప్రతిసారీ పని పూర్తిచేసిన సంతోషం వాడికి దక్కుతుంది. చొక్కాకు మాకు నాలుగు నెలలు పట్టింది.

రెండవది, జాలితో వాడి పని మనం చేయకూడదు. ఇది అన్నిటికంటె కష్టం. పక్కింటివాళ్ల ముందు బిడ్డ అన్నం ఒలకబోసుకుంటూ తింటుంటే చూస్తూ కూర్చోవడానికి గుండె దిటవు కావాలి. మా నాయనమ్మ అయితే "మీకు మనసు లేదా" అని మాతో నెల రోజులు మాట్లాడలేదు. వాడు తన చేతితో తానే తినడం చూచాక ఆమే పెరుగన్నం ముద్ద కలిపి వాడి చేతికి ఇచ్చింది.

మూడవది మూర్ఛ సంగతి. ఇటువంటి పిల్లల్లో చాలామందికి ఫిట్స్ కూడా ఉంటాయి. బాబుకు ఆరో ఏట వచ్చాయి. చేతిలో తాళపుచెవులు పెట్టడం మన పల్లెల్లో అలవాటు. దానివలన ఉపయోగం లేదు. బిడ్డను ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా అదిమి పట్టకూడదు. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరు ఇచ్చిన మాత్రలు తగ్గిందని మానేయకూడదు. మేము ఒకసారి మానేశాము. మళ్లీ వచ్చిన ఫిట్స్‌లో పొయ్యి పక్కన పడ్డాడు. ఆ కాలిన మచ్చ ఇప్పటికీ వాడి మోచేతి మీద ఉంది.

బడి, మగ్గం

బాబుకు ఏడేళ్లప్పుడు ఊరి ప్రాథమిక పాఠశాలకు తీసుకువెళ్లాము. అక్కడి మాస్టారు కాదనలేదు. "చదువు రాకపోయినా బడి వస్తుంది లెండి" అన్నారు. వరుసలో నిలబడడం, తన పలక తాను తెచ్చుకోవడం, ఇంకొకరి వంతు అయ్యేదాకా ఆగడం, ఇవి వాడు బడిలోనే నేర్చుకున్నాడు. అదే సంవత్సరం మా అయ్యగారు ఇంటికి వచ్చి, "ఇక నుండి ముగ్గురూ గుడికి రావాలి. అరిస్తే అరవనివ్వండి, ప్రసంగం ఆపి మళ్లీ మొదలుపెడతాను" అన్నారు. రెండుసార్లు ఆపారు కూడా.

అయిదో తరగతి తరువాత బడి సాగలేదు. ఏం చేయించాలన్న ప్రశ్న వచ్చింది. మా ఇంట్లో ఉన్నది మగ్గం. నేతకు పేక కండెలు కావాలి. ఖాళీ కండెను కదురుకు తొడగాలి, నూలు కొస చుట్టాలి, కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో నూలు పట్టుకోవాలి, నిండగానే ఆపాలి, తెంపాలి, తీయాలి. చివరి మెట్టు నుండి మొదలుపెట్టి నేర్పాము. అన్నీ వచ్చినా ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. కండె లావెక్కి నాడెలో పట్టేది కాదు. చివరికి ఒక ఇనుప రింగు ఇచ్చాము. అందులో దూరినంత వరకే చుట్టాలి, దూరకపోతే ఎక్కువ అయినట్టు. లెక్క తెలియనివాడికి కొలత దొరికింది. మొత్తం రెండేళ్లు పట్టింది. ఇప్పుడు మా మగ్గానికే కాకుండా పక్కవారి మగ్గానికి కూడా చుట్టిపెడతాడు. శనివారం వాళ్లిచ్చే డబ్బు వాడి చేతికే ఇస్తారు. మొదట మా చేతికి ఇవ్వబోతే వాడు ఒప్పుకోలేదు.

ఇరవై అయిదు దాటాక "పెళ్లి చేయండి, కుదురుకుంటాడు" అని చుట్టాలు మొదలుపెట్టారు. పేదింటి పిల్లను చూపించారు కూడా. మేము ఒప్పుకోలేదు. పెళ్లి వలన ఈ స్థితి మారదు. సంగతి దాచి ఒక ఆడపిల్లను తీసుకొచ్చి ఆయాను చేయడం అన్యాయం.

కాగితాలు, హక్కులు

మా కాలానికి ఇప్పటికి చాలా మార్పు వచ్చింది. 1995 నాటి చట్టం ఏడు రకాల వైకల్యాలనే గుర్తించింది. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం ఇరవై ఒకటి గుర్తించింది. మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, చదవడం వ్రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బందులు అన్నీ అందులో ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో బుద్ధిమాంద్యం గలవారిని సుమారు 15 లక్షలుగా లెక్కించారు. ఇంటికి వచ్చిన ఎన్యూమరేటరుకు చెప్పకుండా దాచినవారు ఆ లెక్కలో లేరు.

చిన్నపిల్లలున్న ఇంట్లో మొదట చూడవలసినవి ఇవి. అయిదు నెలలకు మెడ నిలబడకపోయినా, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలిపి అనకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోయినా అంగన్‌వాడీ టీచరుకు గాని, ఆశా కార్యకర్తకు గాని చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అవసరమైనవారిని జిల్లా స్థాయిలో ఉండే సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతాయి. ఆ బృందం వచ్చిన రోజున మీ బిడ్డను ఇంట్లో ఉంచేయకండి.

బడి వయసు పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోను మండల స్థాయిలో భవిత కేంద్రాలున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఉంటారు, వారంలో కొన్ని రోజులు ఫిజియోథెరపీ ఉంటుంది. మంచం దిగలేని పిల్లల ఇంటికే టీచరు వెళ్లే ఏర్పాటు కూడా ఉంది.

తరువాత ధ్రువపత్రం. మన ఊళ్లలో అందరూ సదరం సర్టిఫికెట్ అంటారు. సచివాలయంలో గాని మీసేవలో గాని స్లాటు తీసుకొని, చెప్పిన రోజున ఆసుపత్రికి వెళ్లాలి. బాబు తెలివిని, సొంత పనులు చేసుకునే శక్తిని పరీక్షించి 75 శాతం అని వ్రాశారు. 40 శాతం, అంతకు మించి ఉంటే పథకాలకు అర్హత వస్తుంది. దేశమంతటికీ ఒకే గుర్తింపుగా యూడీఐడీ కార్డు కూడా ఇస్తున్నారు. ఈ కాగితం లేనిదే పింఛను, రైలు రాయితీ, బీమా ఏదీ కదలదు. 2010లో బాబుకు వచ్చిన పింఛను నెలకు 500 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2019లో 3,000 అయింది, 2024 జూలై నుండి 6,000 అయింది. తెలంగాణలో 2023లో 4,016 చేశారు.

ఆ డబ్బు విషయంలో ఒక మాట. పింఛను బిడ్డది. దానితో ఇంటి అప్పు తీర్చి, బిడ్డకు మాత్రలు కొనని ఇళ్లు మేము చూచాము. పేదరికం మాకూ తెలుసు గనుక తప్పుపట్టడం లేదు. మాత్రలు, చెప్పులు, బట్టలు ముందు కొని మిగిలినది వాడమని మాత్రం వేడుకుంటున్నాము.

ఒంటరిగా వెళితే, కలిసి వెళితే

పైన వ్రాసినవన్నీ చదివితే సులభంగా కనిపిస్తాయి. అవి వాటంతట అవే రావు. బాబును మొదటిసారి పరీక్షకు తీసుకువెళ్లిన రోజు సాయంత్రం నాలుగింటి దాకా వరుసలో ఉన్నాము. మా వంతు వచ్చేసరికి వాడు అలసిపోయి అరవడం మొదలుపెట్టాడు. "అదుపులో పెట్టుకోలేనివాళ్లు ఎందుకు తీసుకొచ్చారు" అని ఒక ఉద్యోగి కసిరి పంపేశాడు. అదుపు లేకపోవడం గురించే కదా పరీక్ష అని అడగాలని దారిలో తోచింది. అక్కడ మాకు నోరు రాలేదు.

ఆ రోజు వరుసలో మా వెనుక ఇద్దరు తల్లులు ఉన్నారు. ఒకామె ముస్లిము, ఒకామె పక్క ఊరి యాదవుల ఆడపడుచు. బస్సులో మాటలు కలిశాయి. తరువాతి పరీక్షకు ముగ్గురు పిల్లలతో అయిదుగురు పెద్దలం వెళ్లాము. పిల్లలను చెట్టు కింద ఇద్దరు ఆడించారు, మిగిలినవాళ్లం వరుసలో నిలబడ్డాము, వంతు రాగానే పిలిచాము. ముగ్గురికీ పని అయింది. మా తల్లిదండ్రుల బృందం అలా పుట్టింది. ఇప్పుడు పదకొండు కుటుంబాలం. నెలకొకసారి గుడి వరండాలో కూర్చుంటాము. అయ్యగారు టీ పోయిస్తారు, ఎవరి మతం ఎవరూ అడగరు.

కొన్ని సంవత్సరాల క్రితం మాలో ఒకరి అమ్మాయికి బడిలో చోటు ఇవ్వలేదు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్ల. "మిగతా పిల్లల చదువు పాడవుతుంది" అన్నారు. ఆ తల్లి ఒంటరిగా మూడుసార్లు వెళ్లి ఏడ్చి తిరిగివచ్చింది. నాలుగవసారి ఏడుగురం వెళ్లాము. 2016 చట్టంలో ముప్పై ఒకటవ సెక్షను ఉంది. 40 శాతం పైబడిన వైకల్యం గల పిల్లలకు ఆరు నుండి పద్దెనిమిదేళ్ల వరకు దగ్గరి బడిలో గాని, ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకునే హక్కు ఇస్తుంది. ఆ కాగితం జిరాక్సు తీసి మర్యాదగా బల్లమీద పెట్టాము. ఇవ్వకపోతే సోమవారం కలెక్టరుగారి దగ్గర అర్జీ పెడతామని చెప్పాము. గొడవ పడలేదు, గొంతు పెంచలేదు. వారంలో పిల్లను చేర్చుకున్నారు. నిరుడు బడి వార్షికోత్సవంలో ఆ పిల్ల కోలాటం వేసింది. ఆమె అడుగు తప్పినప్పుడల్లా పక్క పిల్ల చేయి పట్టి సరిచేయడం అందరం చూచాము.

ఆడపిల్లలున్న తల్లులకు వేరే భయం ఉంది. తనకు జరిగింది చెప్పలేని పిల్లను మోసం చేయడం దుర్మార్గులకు సులభం. అది ఎక్కువగా తెలిసినవాళ్ల వలననే జరుగుతుంది. మా బృందంలో తల్లులు పిల్లలకు బొమ్మ చూపి, ఎవరు ఎక్కడ ముట్టకూడదో, ముడితే "వద్దు" అని అరవాలని మళ్లీ మళ్లీ నేర్పుతారు. నెలసరి శుభ్రత కూడా చొక్కా గుండీల పద్ధతిలోనే మెట్లు విడదీసి నేర్పుతారు. గర్భసంచి తీయించేస్తే బెడద వదులుతుందని సలహా ఇచ్చేవారు ఉన్నారు. నెలసరి వస్తోందన్న కారణంతో ఆరోగ్యంగా ఉన్న పిల్లకు ఆపరేషను చేయించడం తగదు. దానివలన మోసం ఆగదు, జరిగినా బయటపడదు.

ఇటువంటి బృందాలు మాతో మొదలు కాలేదు. అనంతపురం జిల్లాలో గ్రామీణాభివృద్ధి సంస్థ, అదే విన్సెంట్ ఫెర్రర్‌గారు స్థాపించిన ఆర్‌డీటీ, ఎన్నో గ్రామాల్లో వికలాంగుల సంఘాలను నిలబెట్టింది. దేశంలోని తల్లిదండ్రుల సంఘాలన్నీ కలిసి 1995లో పరివార్ అనే సమాఖ్య కట్టుకున్నాయి. ఆ తల్లిదండ్రులు ఎక్కడ కలిసినా ఒకరినొకరు అడిగిన ప్రశ్న, మా తరువాత వీళ్లకు ఎవరు?

మా తరువాత

ఆ ప్రశ్న మా ఇంటికి 2018లో వచ్చింది. మా ఇద్దరిలో ఒకరికి గుండెనొప్పి వచ్చి గుంటూరు ఆసుపత్రిలో చేర్చారు. రెండవవారు తోడుండాలి. బాబును పక్కింట్లో ఉన్న మా అన్నయ్య కొడుకు దగ్గర వదిలాము. పది రోజులకు తిరిగి వచ్చేసరికి వాడు చిక్కి సగమయ్యాడు. అన్నం పెట్టినా మగ్గం గుంట పక్కన కూర్చొని తలుపు వైపు చూచేవాడట. మేము ఎక్కడికి వెళ్లామో వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నారు. అలా అలవాటు చేసింది మేమే.

ఆ నెలలోనే మా అమ్మాయిని, అల్లుడిని పిలిచి మాట్లాడాము. అమ్మాయి నిజం చెప్పింది. "అన్నయ్యను నేను వదలనమ్మా. కాని అంతా నా ఒక్కదాని మీద పెట్టి కళ్లు మూసుకోకండి. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో, ఆస్తి సంగతి ఏమిటో కాగితం మీద పెట్టండి. వాడికి నేర్పాల్సింది ఇంకా నేర్పండి" అంది. మొదట మాకు బాధ కలిగింది. ఆలోచిస్తే ఆమె అడిగింది న్యాయమే.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బిడ్డకు పద్దెనిమిదేళ్లు నిండాక, బుద్ధి ఎదగకపోయినా, తల్లిదండ్రులు చట్టప్రకారం వాడి సంరక్షకులు కారు. దీని కొరకే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవారికి అది వర్తిస్తుంది. జిల్లా కలెక్టరుగారు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల ఒక వ్యక్తి కలిసి స్థానిక స్థాయి కమిటీగా కూర్చొని సంరక్షకుని నియమిస్తారు. నియమితులైనవారు ఆరు నెలల్లో ఆ వ్యక్తి ఆస్తి వివరం ఇవ్వాలి, ఏటేటా లెక్క చూపాలి. నిర్లక్ష్యం చేసినా, హింసించినా, ఆస్తి కాజేసినా తొలగించవచ్చు. ఏ కాగితాలు కావాలో జిల్లా సంక్షేమ కార్యాలయంలో చెబుతారు. ఇదే ట్రస్టు కింద నిరామయ అనే ఆరోగ్య బీమా ఉంది. ఏటా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, చేరడానికి ముందు వైద్యపరీక్ష అడగరు.

అమ్మాయిని సంరక్షకురాలిగా వ్రాసి అర్జీ పెట్టాము. మా ప్రాంతం 2022లో బాపట్ల జిల్లాలో చేరింది. అప్పటికి ఇంకా ప్రకాశం జిల్లాయే గనుక ఒంగోలు వెళ్లాము. విచారణ రోజున అన్ని కాగితాలూ చూచాక కమిటీలో ఒకాయన బాబు వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు, "బాబూ, నువ్వు ఎవరి దగ్గర ఉంటావు?"

మేము వాడిని ఎన్నడూ అడగని ప్రశ్న అది. వాడు మా అందరి ముఖాలూ చూచి, "మగ్గం దగ్గర" అన్నాడు.

తరువాత వాడిని గుంటూరులో అమ్మాయి ఇంటికి పంపించాలన్నది మా ఏర్పాటు. అది మార్చుకున్నాము. చట్టప్రకారం సంరక్షకురాలు అమ్మాయే. కాని వాడు ఉండేది ఈ ఇంట్లోనే. వాడి జీవితకాలం ఆ ఇంట్లో నివసించే హక్కు ఉండేటట్టు, అంతవరకు ఎవరూ అమ్మకుండేటట్టు వీలునామా వ్రాయించి రిజిస్టరు చేయించాము. అన్నం, మాత్రలు అన్నయ్య కొడుకు, కోడలు చూస్తారు. వాళ్ల మగ్గానికి వాడు కండెలు చుడతాడు. మాత్రల పేర్లు, వేళలు, వాడికి ఇష్టమైనవి, భయపడేవి అన్నీ ఒక నోటుపుస్తకంలో వ్రాసి మూడు ఇళ్లలో పెట్టాము. ఇప్పుడు నెలలో రెండు రాత్రులు వాడు కావాలనే మేము లేకుండా అన్నయ్య ఇంట్లో పడుకుంటాడు. మొదట ఏడ్చాడు, ఇప్పుడు దుప్పటి తానే తీసుకువెళ్తున్నాడు. ఎక్కడికి వెళ్లినా వాడికి చెప్పి వెళ్తున్నాము.

దీనితో భయం పూర్తిగా పోయిందని చెప్పలేము. అన్నయ్య కొడుక్కీ వయసు వస్తుంది. చేనేత ఇంకెన్నాళ్లో తెలియదు. అయినా ఆ ప్రశ్నకు ఇప్పుడు జవాబుగా మూడు ఇళ్లు ఉన్నాయి, ఒక రిజిస్టరు కాగితం ఉంది, పదకొండు కుటుంబాలున్నాయి.

సంఘం చేయగలిగినది

డబ్బు ఖర్చు లేని పనులే వ్రాస్తున్నాము. మీ పల్లెలో ఇటువంటి బిడ్డలు ఎందరున్నారో తెలుసుకోండి. ఏ ఇంటివారైనా సరే. చదువుకున్న యువకులు ఒకరిద్దరు స్లాటు తీయడం, అర్జీ వ్రాయడం నేర్చుకొని ఆ ఇళ్లకు వెళ్లండి. పరీక్ష రోజున తోడు వెళ్లండి. ఆదివారపు బడిలో ఆ బిడ్డకు ఒక చాప, ఒక పని ఇవ్వండి. వెర్రిబాగులవాడు వంటి పేర్లు మీ పిల్లల నోట వినిపిస్తే అక్కడే ఆపండి.

మా గుడిలో ఆదివారం చాపలు పరిచేది బాబే. వరుసకు అయిదు, మళ్లీ అయిదు. మేమిద్దరం కలిసి వెళ్తున్నాము. కాని మా కుడివైపు వరుసలో ఇంకా ఒక తల్లి ఒంటరిగా వచ్చి, దీవెన అయ్యీ కాకముందే లేచి ఇంటికి పరుగెత్తుతుంది. మీ గుడిలోను ఒకరు ఉంటారు. ఈ ఆదివారం ఆమె వెంట ఇంటిదాకా నడవండి. ఆ బిడ్డ పేరేమిటో అడగండి. మరుసటి ఆదివారం ఒక గంట మీరు బిడ్డ దగ్గర కూర్చొని, భార్యాభర్తలిద్దరినీ కలిపి గుడికి పంపండి.